పూటకి ఎన్ని గంటలు

ఈ సంగతి జరిగిన రోజుల్లోనే రాసి ఉండాల్సింది. రాయలేదు. భయపడి కాదు, తీరిక లేక కూడా కాదు. అప్పటికి నాకు తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరు మాత్రం వచ్చు, అవీ కొత్తగా. వాటితో అట్టపెట్టె మీద పేరు చదవగలను, బస్సు మీద ఊరు చదవగలను. కానీ నా కడుపులో ఉన్న మాట చెప్పుకోవడానికి అవి చాలవు. తెలుగు అక్షరాలు ఆ తర్వాత రెండేళ్ళకి, ఫ్రీమాంట్‌లో ఆదివారం పూట పిల్లలకి చెప్పే తెలుగు క్లాసులో, ఏడేళ్ళ వాళ్ళ పక్కన చిన్న కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను. ఆ పిల్లలకి అక్షరం వచ్చేది, మాట వచ్చేది కాదు. నాకు మాట వచ్చు, అక్షరం రాదు. ఒకరికొకరం సాయం చేసుకున్నాం.

నేను రాయడం మొదలుపెట్టానని తెలిసి మా మరిది ఫోన్ చేశాడు. “అయిపోయిన గొడవ వదినా, ఇప్పుడెందుకు?” అన్నాడు. అతనికి అయిపోయింది. మనవాళ్ళ వంటశాలల్లో ఇలాంటివి ఇంకా ఎన్ని జరుగుతున్నాయో నాకు తెలుసు. ఇది చదివి ముఖం చిట్లించుకునే వాళ్ళుంటారనీ తెలుసు. చిట్లించుకోండి.

మా నాన్న తెనాలి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి వంట చేసేవాడు. నాకు ఆరేళ్ళప్పటి నుంచి ఆయన వెంట తిరిగాను. బడికి వెళ్ళే వయసులో నేను వంకాయలు కోశాను. అక్కడ వంటవాళ్ళకి కూలి గంటకి కాదు, రోజుకీ కాదు, పూటకి. పూట అంటే పప్పు నానబోసిన దగ్గర్నుంచి ఆఖరి గుండిగ తోమి బోర్లించే వరకు. పెళ్ళివారు చెప్పిన దానికంటే రెండు వందల మంది ఎక్కువ వచ్చినా అదే పూట. వాన పడి సగం మంది రాకపోయినా అదే పూట. పూట ఎంతసేపు అని ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు.

మా ఆయన తమ్ముడు శాంటా క్లారాలో ఇంజనీరు. అతను పెట్టిన కాగితాల మీద మేమిద్దరం గ్రీన్ కార్డులతో వచ్చాం. మూడో ఏడు మా ఆయన గుండెపోటుతో పోయాడు. పిల్లల్లేరు. ఇంట్లో కూర్చోబెట్టి నాకు తిండి పెట్టడానికి మరిదికి అభ్యంతరం లేదు. నాకుంది. నాకు వచ్చిన పని ఒక్కటే కాబట్టి అదే చేస్తానన్నాను. మరిది డబ్బు పెట్టాడు, నేను చెయ్యి పెట్టాను. ఫ్రీమాంట్‌లో గిడ్డంగుల వరసలో ఒక కిచెన్ అద్దెకి తీసుకున్నాం. రోజూ శాంటా క్లారా ఆఫీసులకి లంచ్ బాక్సులు, శని ఆదివారాలు పుట్టినరోజులకీ సీమంతాలకీ వంటలు. వ్యాపారం మాత్రం నా పేరున పెట్టాడు. తన ఉద్యోగానికి ఇబ్బంది రాకుండా అన్నాడు. కారణం ఏదైతేనేం, కాగితం మీద యజమానిని నేను.

అతను వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టేదాన్ని. పెట్టేదాన్ని అనకూడదు, గీసేదాన్ని. ఒకసారి లైబ్రరీ వాళ్ళ మీటింగుకి సమోసాలు పట్టుకెళ్ళి, డబ్బు ముట్టినట్టు కాగితం మీద గీస్తుంటే, అక్కడున్న ఒక తెల్ల ముసలావిడ, రిటైరైన టీచరు, నా చేతినే చూస్తూ నిలబడింది. నేను నా పేరు చివరి అక్షరం నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తున్నానట. ముగ్గు ఎటునుంచి మొదలుపెడితేనేం అన్నట్టు గీసేదాన్ని మరి. ఆవిడ నవ్వలేదు. “మంగళవారం నాలుగింటికి ఖాళీయేనా?” అని అడిగింది. అప్పుడు నాకు యాభై మూడేళ్ళు. ప్రతి మంగళవారం నాలుగింటికి లైబ్రరీకి వెళ్ళి ఆవిడ దగ్గర ఇంగ్లీషు అక్షరాలు దిద్దాను.

కిచెన్‌లో నాతో ఆరుగురు ఆడవాళ్ళు పనిచేసేవారు. అందరికీ ఈ దేశంలో పని చేసుకోవడానికి కాగితాలు ఉన్నాయి. మొదటి రోజే వాళ్ళ కార్డులు జిరాక్స్ తీసి మరిది ఫైల్లో పెట్టేవాడు. పూటకి డెబ్బై డాలర్లు, శనివారం మధ్యాహ్నం కవర్లో పెట్టి చేతికిచ్చేదాన్ని. చుట్టుపక్కల వంట చేయించేవాళ్ళు యాభై ఇచ్చేవాళ్ళు. నేను డెబ్బై ఇస్తున్నానని మహా గొప్పగా ఉండేది నాకు. నాలుగు చోట్ల చెప్పుకున్నాను కూడా.

ఆ ఆరుగురిలో పెద్దావిడది కరీంనగర్ వైపు. కూతురు దగ్గర ఉండేది. అంతకు ముందు రెండేళ్ళు ఒక మోటెల్లో పక్కలు మార్చే పని చేసింది. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను చెల్లె అనేది. వంద గారెలకి పప్పు ఎంత నానబొయ్యాలో నాకంటే ఆవిడకే బాగా తెలుసు. నా దగ్గర చేరి నాలుగేళ్ళు దాటింది. అక్కా అని పిలిచినన్నాళ్ళూ ఆవిడ నా దగ్గర ఉద్యోగి అన్న సంగతి నాకు తట్టనే లేదు. అది ప్రేమ అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం, బాక్సులు వెళ్ళిపోయాక, ఆవిడ కొంగున చేతులు తుడుచుకుని సంచిలోంచి ఒక కవరు తీసింది.

“చెల్లె, నువ్వు లైబ్రరీకి పోయి సదువుకుంటున్నవ్ గదా. ఇదేందో సదువు.”

“మీ అల్లుడు చదవలేదా?”

“సూసిండు. ఏం లేదత్తమ్మా, ఏటేటా అందరికి వచ్చేదే అన్నడు. నా పేరు మీద వచ్చింది గదా, నాకు తెల్వద్దా?”

బెజవాడ నుంచి వచ్చిన ఆవిడ ఒకతె ఉండేది, అందరినీ ఏడిపించేది. “పంతులమ్మగారూ, కళ్ళజోడు పెట్టుకోండి. పిల్లలూ, నిశ్శబ్దం!” అంది గరిటెతో గిన్నె మీద కొట్టి. అందరూ చుట్టూ చేరారు. నాకు నిజంగానే గర్వంగా అనిపించింది.

అది సోషల్ సెక్యూరిటీ వాళ్ళు పంపిన కాగితం. ఎవరి పేరున ఏ ఏడు ఎంత జీతం ప్రభుత్వం దగ్గర నమోదైందో అందులో ఉంటుంది. పదేళ్ళ పని నమోదైతేనే ముసలితనంలో పెన్షను, ఆసుపత్రి ఖర్చులకి ఆసరా. ఇది ఆవిడకి తెలుసు. రెండేళ్ళు మోటెల్, నాలుగేళ్ళు ఇక్కడ, ఇంక నాలుగేండ్లు చేస్తే నాకు అరవై రెండు నిండేసరికి పది నిండుతయ్ అని వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ ఉండేది. కూతురి మీద పడకుండా బతకాలని ఆవిడ పట్టుదల.

నేను వేలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని పైన ఉన్నది చదివాను. తర్వాత గళ్ళలోకి వచ్చాను. ఒక పక్క సంవత్సరం, ఎదురుగా డబ్బు. మోటెల్ మొదటి ఏడు ఇంత. రెండో ఏడు ఇంత. ఆ తర్వాత సున్నా. ఆ తర్వాత సున్నా. ఇంకో సున్నా. ఇంకో సున్నా.

“మళ్ళ సూడు,” అంది. “డబ్బులు రాస్తె సున్నలు ఉంటయ్ గదా. సున్న ముందు ఏమన్న ఉందేమో.”

“ఏమీ లేదక్కా.”

“నాలుగేండ్లకూ?”

“నాలుగేళ్ళకీ.”

బెజవాడ ఆవిడ గరిటె కింద పెట్టేసింది. అక్క కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడతల వెంటే మళ్ళీ మడిచి కవర్లో పెట్టుకుంది. తొందరేం పడలేదు.

“ఆ మోటెల్ సేటు నా పేరు గూడ సక్కగ పలకకపోయేటోడు,” అంది. “వాడు నన్ను రాసిండు. నువ్వు రాయలే.”

నాకు తెలియదక్కా అన్నాను. అది నిజమే. కానీ ఆ మాట నోట్లోంచి బయటికి రాగానే ఎంత చచ్చు మాటో నాకే తెలిసింది. మరిది చూపించిన లెక్కల కాగితాల మీద ఉన్న సంతకాలు ఎవరివి?

“తెల్వదా? మంచిది, ఓనరమ్మా,” అని వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను మళ్ళీ ఎప్పుడూ చెల్లె అనలేదు.

శనివారం లెక్కలు చూడ్డానికి మరిది వచ్చాడు. కాఫీ కూడా ఇవ్వకుండా అడిగాను.

“వీళ్ళ జీతాలు గవర్నమెంటుకి ఎందుకు రాయలేదు?”

“రాస్తున్నాం వదినా. క్యాజువల్ లేబర్ అని ఒక లైన్ ఉంటుంది. అందులో చూపిస్తాం.”

“ఆ లైన్లో అక్క పేరుందా?”

“పేర్లుండవు. టోటల్ ఉంటుంది.”

“ఉల్లిపాయలకి కూడా టోటలే కదా ఉండేది?”

అతను లాప్‌టాప్ మూశాడు. “చూడు వదినా, ఇక్కడ చిన్న బిజినెస్‌లన్నీ ఇలానే నడుస్తాయి. పేరోల్ పెడితే టాక్స్‌లు, ఇన్సూరెన్స్, ఓవర్‌టైమ్, బ్రేక్‌లు, అన్నీ మొదలవుతాయి. సెకండ్ కిచెన్‌కి దాచిన డబ్బు మొత్తం దీనికే పోతుంది. అయినా వాళ్ళు అడిగారా? క్యాష్ తీసుకుని హ్యాపీగానే ఉన్నారుగా?”

“అక్క అడిగింది.”

“ఒక్కావిడ కోసం అందరినీ రోడ్డున పడేస్తావా? నాలుగు అక్షరాలు రాగానే నువ్వు నాకు కంప్లయన్స్ చెప్తున్నావ్.”

“నాలుగు కాదు, ఇరవై ఆరు.”

మా మరిది చెడ్డవాడని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. నూట రెండు జ్వరంతో వ్యాన్ నడిపి బాక్సులు అందించిన మనిషి. వాళ్ళన్నయ్య పోయినప్పుడు నన్ను ఇండియాకి పంపెయ్యమన్న వాళ్ళతో పోట్లాడిన మనిషి. కానీ మంచివాడు చేసినంత మాత్రాన సున్నా పక్కన అంకె చేరదు.

సోమవారం బాక్సులు పంపించి, బస్సెక్కి, మా లెక్కలు రాసే అకౌంటెంట్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. అతనూ మనవాడే, మరిది స్నేహితుడు. నన్ను చూసి నా వెనక తలుపు వైపు చూశాడు.

“సార్ రాలేదా ఆంటీ?”

“నేనొచ్చాను కదా.”

విషయం చెప్పాను. అతను పెన్ను తిప్పుతూ విన్నాడు. “ఆంటీ, ఫ్రాంక్‌గా చెప్పాలంటే, లీగల్‌గా ఓనర్ మీరు. నోటీస్ వచ్చినా మీకే వస్తుంది, ఫైన్ పడినా మీకే పడుతుంది. సార్ పేరు ఎక్కడా లేదు.”

“అయితే సరిచేసే హక్కు కూడా నాదేగా?”

పెన్ను ఆగింది. “టెక్నికల్లీ... యెస్.”

“ఏం చెయ్యాలో చెప్పు.”

చెప్పాడు. వెనకటి ఏళ్ళకి ఒక్కొక్కరి పేరున జీతం కాగితాలు తయారుచెయ్యాలి, కట్టని పన్నులు కట్టాలి, ఆలస్యానికి జరిమానా కట్టాలి. అక్క మొదటి ఏడు మాత్రం మార్పులకి ఇచ్చే గడువు దాటిపోయింది, అడిగి చూడాల్సిందే. తక్కిన మూడేళ్ళూ ఇంకా గడువులోనే ఉన్నాయి కానీ ఎక్కువ రోజులు లేవు. ఇవన్నీ చెప్పి కంప్యూటర్ వైపు తిరిగాడు.

“సరే, టైమ్ రికార్డ్స్ ఇవ్వండి.”

“పూటలు రాసి ఉన్నాయి. ఏ రోజు ఏ వంట, ఎంతమందిమి చేశాం, అన్నీ మరిది ఆర్డర్ల పుస్తకంలో ఉన్నాయి.”

“పూటకి ఎన్ని గంటలు ఆంటీ?”

దాదాపు యాభై ఏళ్ళుగా పూటలు చేశాను, పూటలు కొన్నాను, పూటలకి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. అందులో ఎన్ని గంటలున్నాయో నాకు తెలియదు.

“ఈ స్టేట్‌లో రోజుకి ఎనిమిది గంటలు దాటితే పై గంటలకి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి ఆంటీ. గంటలు తెలియకుండా ఏమీ చెయ్యలేను. మీ దగ్గర రికార్డ్ లేకపోతే వర్కర్స్ గుర్తు తెచ్చుకుని చెప్పిందే లెక్క. అంటే వాళ్ళు ఎక్కువ చెప్పినా...”

“వాళ్ళు ఎక్కువ చెప్పరు. చెప్పినా ఫరవాలేదు.”

మర్నాటి నుంచి వారం రోజులు, బాక్సులు వెళ్ళాక, ఆరుగురినీ కూర్చోబెట్టుకుని నాలుగేళ్ళ పుస్తకం తిరగేశాం. బోర్లించిన పెరుగు బకెట్ల మీద కూర్చున్నాం. వాళ్ళలో ఒకమ్మాయి ఇంటర్ చదివింది, ఆర్డర్లు పైకి చదివేది. తారీఖులు ఎవరికీ గుర్తులేవు. వంటలు గుర్తున్నాయి.

“బిర్యానీ, నూట యాభై మంది, గుత్తి వంకాయ,” అని ఆ అమ్మాయి చదివితే, “అదా? ఆ రోజు స్టవ్వు మండలేదు, రెండు బర్నర్ల మీద వండాం. పొద్దున ఆరింటికి వచ్చి అయిదింటికి పోయాం,” అని ఒకరు.

“అయిదా? మా మనవడి స్కూల్ ప్రోగ్రాం తప్పిపోయింది ఆ రోజు. ఆరున్నర!”

“మీ మనవడి ప్రోగ్రాం కట్టు పొంగలి రోజండీ. కట్టు పొంగలికి అంతసేపు ఎందుకు పడుతుంది?”

“పులిహోర రోజు జల్ది పోయినం,” అంది అక్క. “ఆరు గంటలే. అది ఆరే రాయి. లేనిది నాకొద్దు.”

అలా ఒక్కొక్క పూటా పగలగొట్టి చూశాం. పులిహోర పూట ఆరు గంటలు. రోజువారీ బాక్సుల పూట ఏడున్నర. గారెలున్న పూట తొమ్మిది. బిర్యానీ, రెండు కూరలు, స్వీటు ఉన్న పూట పదకొండు. మధ్యలో అరగంట తిండికి వదలాలని అకౌంటెంట్ చెప్పాడు, ఎప్పుడు తినేవారని అడగమన్నాడు. అడిగితే అందరూ నవ్వారు.

“రుచి సూసుడే తినుడు,” అంది అక్క. “నిలబడి మింగినం. నువ్వు గూడ గట్లనే మింగినవ్ గదా, ఎరుక లేదా?”

అప్పట్లో ఇక్కడ గంటకి తక్కువలో తక్కువ ఎనిమిది డాలర్లు ఇవ్వాలి. పదకొండు గంటల పూటకి లెక్క కట్టించాను. మొదటి ఎనిమిది గంటలకి అరవై నాలుగు, పై మూడింటికి పన్నెండు చొప్పున ముప్పై ఆరు. వంద. నేను ఇచ్చింది డెబ్బై. పులిహోర రోజు ఎక్కువే ఇచ్చాను కదా, ఇటుది అటు వేసి సర్దకూడదా అని అకౌంటెంట్‌ని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. “ఎక్కువిచ్చిన రోజు ఎక్కువిచ్చినట్టే ఆంటీ, తక్కువైన రోజు తక్కువైనట్టే,” అన్నాడు. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ ఇస్తున్నానని నాలుగు చోట్ల చెప్పుకున్నది ఈ డెబ్బై గురించే.

అందరూ సంతోషించారని రాస్తే అబద్ధం. బెజవాడ ఆవిడకి ఇదంతా నచ్చలేదు. “ఇకనుంచి చెక్కులో టాక్స్ కోసేస్తారుగా? చేతికొచ్చేది తగ్గుతుంది. నాకొద్దండీ ఈ పెన్షన్లూ గిన్షన్లూ, నా పేరు రాయకండి,” అంది.

“రాయకుండా ఉండే వీలు లేదు. నీకు రావాల్సింది కూడా ఇస్తాను, తీసుకో.”

“పంతులమ్మ కాస్తా పోలీసమ్మ అయిందర్రా!” అని ఏప్రను విప్పి బకెట్ మీద పడేసి వెళ్ళిపోయింది. యాభై ఇచ్చే ఇంకో చోట చేరింది. తర్వాత ఆవిడ చెక్కు నేనే తీసుకెళ్ళి ఇంట్లో ఇచ్చాను. ఆవిడ తలుపు సగమే తీసింది కానీ చెక్కు తీసుకుంది.

కాగితాలన్నీ తయారయ్యాయి. కావలసింది డబ్బూ, నా సంతకమూ. డబ్బు ఒకే చోట ఉంది. శాంటా క్లారాలో రెండో కిచెన్ కోసం బ్యాంకులో మూడేళ్ళుగా కూడబెట్టినది. సరిగ్గా అప్పుడే మరిది లీజు కాగితాలు పట్టుకుని వచ్చాడు. గురువారం మధ్యాహ్నం, బాక్సుల వ్యాన్ తిరిగొచ్చిన వేళ. సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు చీటీలు అంటించి ఉన్నాయి. ఐదుగురు ఆడవాళ్ళూ లోపలే ఉన్నారు. అక్క స్టవ్వు దగ్గర పోపు పెడుతోంది.

“వదినా, ఈ ఎనిమిది చోట్ల. అడ్వాన్స్ చెక్కు మీద ఒకటి. బ్రోకర్ బయట కార్‌లో వెయిట్ చేస్తున్నాడు.”

నేను మొదటి పేజీ తీసి చదవడం మొదలుపెట్టాను. నాకు అర్థమైంది తక్కువే. కానీ చదివాను. అతను గడియారం చూసుకున్నాడు, నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

“ఎంతసేపు వదినా?”

“చదివినంత సేపు.”

మొదటి పేజీ అయ్యాక లీజు పక్కకి జరిపి, నా సంచిలోంచి అకౌంటెంట్ ఇచ్చిన కాగితాలు తీసి వాటి స్థానంలో పెట్టాను. మరిది చూశాడు. గుర్తుపట్టాడు.

“వాడు నాతో చెప్పనే లేదే!”

“ఓనర్‌కి చెప్పాడు.”

“వదినా, అందులో నా డబ్బు కూడా ఉంది.”

“ఉంది. నీ వాటా నీకు నెలనెలా తిరిగిస్తాను, కాగితం రాసుకుందాం. కానీ వీళ్ళ గంటలు నీ వాటాలో లేవు, నా వాటాలోనూ లేవు. అవి వీళ్ళవి. వాటితో కిచెన్ తెరవడానికి మనమెవరం?”

“కమ్యూనిటీలో నవ్వుతారు. ఆవిడే ఓనరు, ఆవిడే తన మీద కంప్లయింట్ రాసుకుందని నవ్వుతారు.”

“నవ్వనీ.”

“అన్నయ్య ఉంటే ఇలా చేసేదానివా?”

అది అతను వాడకూడని మాట. అతనికీ తెలుసు. కానీ వాడాడు.

“మీ అన్నయ్య నా కిచెన్‌లో పనిచేసి ఉంటే ఆయనకీ గంటలు రాసేదాన్ని,” అన్నాను.

స్టవ్వు దగ్గర ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. నేను చెక్కుబుక్కు తెరిచాను. అంకెలు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు, భయం లేదు. మాటల్లో రాయాల్సిన గీత దగ్గర మాత్రం ఆగాను. లైబ్రరీ ఆవిడ రాసిచ్చిన చీటీ పక్కన పెట్టుకుని, చూసి చూసి, ఒక్కొక్క అక్షరం రాశాను. పన్నులకి ఒక చెక్కు. ఆరుగురికీ ఆరు చెక్కులు. ఒకటి తప్పు పోతే చింపేసి మళ్ళీ రాశాను. మరిది సగం వరకు చూసి లేచి వెళ్ళిపోయాడు. లీజు కాగితాలు బల్ల మీదే వదిలేశాడు. బయట కారు తలుపు గట్టిగా పడింది.

అక్క చెక్కు తీసుకుని పైకీ కిందకీ చూసింది. కృతజ్ఞత ఏమీ చూపించలేదు, నేను ఎదురుచూడలేదు.

“మొదటి ఏడు గూడ రాసినవా, ఓనరమ్మా?”

“రాశాను. గడువు దాటింది. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలీదు.”

“ఒప్పుకోకపోతె?”

“వెళ్ళి అడుగుదాం.”

“ఎప్పుడు?”

“రేపు.”

“రేపు బాక్సులు ఎవరు పంపుతరు?”

“ఎవరూ పంపరు.”

మర్నాడు పొద్దున్నే శాంటా క్లారా ఆఫీసులకి ఫోన్ చేసి ఇవాళ భోజనాలు లేవని చెప్పాను. వ్యాపారం పెట్టాక పనిరోజున కిచెన్ మూయడం అదే మొదటిసారి. ఎనిమిది కాకుండానే అక్కా నేనూ బస్సెక్కి సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళి, తలుపులు తెరవకముందే లైన్లో నిలబడ్డాం. నెంబరు పిలిచాక ఇద్దరం కిటికీ దగ్గరికి వెళ్ళాం. లోపలి అమ్మాయి మా ఇద్దరి ముఖాలూ చూసి, మీరు ఈమెకి సిస్టరా అని నన్ను అడిగింది. కాదు, ఎంప్లాయర్‌ని అన్నాను. కాగితాలు ఏడాది ప్రకారం పేర్చి, మొదటి ఏడు పైకి ఉండేలా లోపలికి తోశాను. ఆ అమ్మాయి పై కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. దీనికి గడువు దాటిపోయింది మేడమ్ అంది.

“తెలుసు,” అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. “తప్పు నాది, ఈమెది కాదు. మీ పై ఆఫీసర్‌ని పిలవండి.”

అక్కకి ఒక కుర్చీ లాగి, ఇంకో కుర్చీ కిటికీకి ఎదురుగా జరుపుకుని కూర్చున్నాను.